వంగపండు రంగు జబ్బు

మా గెడ్డవలస జిల్లాలో సికిల్ సెల్ జబ్బు లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్ళకి నోటీసు ఇచ్చే అధికారం నాకుంది. ఎందుకిచ్చావయ్యా అని అడిగితే చూపించడానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా ఉంది. ఇక నిజంగా జబ్బు ఉందా లేదా అంటారా? ఉత్తర్వు ఉన్నాక జబ్బుతో పనేమిటండీ!

నేను ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పరిపాలనాధికారిని, అందరూ ఏ.ఓ. అంటారు. డాక్టర్లు మనిషి నాడి చూస్తే నేను ఫైలు నాడి చూస్తాను. ఏ ఫైలు కదులుతుందో, ఏది బీరువాలోనే ప్రాణం వదులుతుందో ముట్టుకుని చెప్పేయగలను. అలాంటి నాకే ఈ వెలుగు రవ్వల ఫైలు అంతుపట్టలేదంటే మీరే అర్థం చేసుకోండి.

ముందు గెమ్మెలి చిలకమ్మ సంగతి చెప్పాలి. ఆమెది కొండమీద ఊరు. కూతురు పూర్ణకి ఎనిమిదేళ్ళు, పుట్టుకతోనే సికిల్ సెల్. ఈ జబ్బున్నవాళ్ళకి రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవళ్ళలా వంకర తిరుగుతాయి. అవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో పుట్టే నొప్పి పగవాడికి కూడా వద్దు. ఆ నొప్పి వచ్చినప్పుడు పూర్ణ అరుపులకి పిల్లల వార్డు అదిరిపోయేది. రోజూ ఒక మాత్ర పడితే మాత్రం ఆ పిల్లే వరండాలో గెంతుతూ తిరిగేది, నా గది ముందు గోల చేసి నాచేత తిట్లు తినేది.

మా ఆసుపత్రిలో దీనికి గాజుగొట్టం పరీక్ష ఒకటి ఉండేది. మందునీళ్ళలో రక్తపుబొట్టు వేస్తే, నీళ్ళు మడ్డిగా మారితే జబ్బు, తేటగా ఉంటే లేదు. ఆ చీటీ చూపించి చిలకమ్మ నెలనెలా మాత్రలు పట్టుకెళ్ళేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అదే వచ్చిన చిక్కు. ఇబ్బంది లేని చోట ప్రారంభోత్సవం ఎలా చేస్తారు?

అప్పుడు వచ్చాయి వెలుగు రవ్వలు. తెచ్చింది డాక్టర్ కాత్యాయని, రాజధానిలోని పరిశోధనా సంస్థ నుంచి. మంచి మనిషి, మహా తెలివైనది. ఆమెకున్న లోపం ఒక్కటే, పేపరు చదవదు.

"మన ఒంట్లో ప్రతి కణంలో ఒక పెద్ద పుస్తకం ఉంటుందనుకోండి ఏ.ఓ. గారూ" అని ఆమె నాకు ఓపిగ్గా చెప్పింది. "అందులో 'అన్నం' అని ఉండాల్సిన చోట ఒక్క అక్షరం మారి 'సున్నం' అని పడింది. అదే ఈ జబ్బు. ఆ ఒక్క అక్షరం తేడాని ఈ రవ్వలు పట్టేస్తాయి."

"ఎలా పడతాయమ్మా?"

"ఇవి కంటికి ఆననంత చిన్న స్ఫటికాలు. ప్రత్యేకమైన దీపం కింద పెడితే రంగులో వెలుగుతాయి. పదార్థం ఒకటే, గింజ సైజు మారితే రంగు మారుతుంది. ఒక సైజు రవ్వకి సరైన అక్షరాన్ని మాత్రమే అంటుకునే తోక తగిలించాం, అది చిలకపచ్చగా వెలుగుతుంది. ఇంకో సైజు రవ్వకి తప్పు అక్షరాన్ని అంటుకునే తోక. అది వంగపండు రంగు. పచ్చ వెలిగితే పిల్ల బాగుంది. వంగపండు రంగు వెలిగితే జబ్బు. రెండూ వెలిగితే ఆ మనిషికి జబ్బు లేదు గానీ, పుట్టబోయే పిల్లలకి రావచ్చు."

నిజం చెప్పొద్దూ, వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మనుషులు ఎంతెంత కనిపెడుతున్నారు! ఆ పులకింత పెట్టె దిగేదాకానే. అట్ట మీద 'నానో రవ్వ' అని చూసి మా స్టోర్స్ వాళ్ళు దాన్ని వంటశాల సామానులో కలిపేశారు. రోగుల ఉప్మాకి ఇంత ఖరీదైన రవ్వ ఎందుకని ఆడిట్ వాళ్ళు అభ్యంతరం పెట్టారు. 'ఇది ఉప్మా రవ్వ కాదు' అని నేను జవాబు రాస్తే, 'అయితే ఇడ్లీ రవ్వా? స్పష్టం చేయగలరు' అని తిరిగొచ్చింది.

ఈలోగా పైనుంచి ఉత్తర్వు దిగింది. ఆధునికీకరణలో భాగంగా పాత గాజుగొట్టం పరీక్ష రద్దు. ఇకపై వెలుగు రవ్వల రిపోర్టు ఉన్నవాళ్ళకే మాత్రలు. రిపోర్టులో రంగు నమోదు కాకపోతే మందుల కౌంటర్లో కంప్యూటర్ బీరువా తలుపు తెరవదు. పాత గాజుగొట్టాల్ని శుభ్రంగా తుడిచి, వారసత్వ సంపద అని రాసి, హాల్లో అద్దాల బీరువాలో పెట్టించాం. రిబ్బను కూడా కట్టాం.

ప్రారంభోత్సవానికి ఆరోగ్య మంత్రిగారు వచ్చారు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అధికారంలో ఉన్న పార్టీ జెండా వంగపండు రంగు. పంచాయతీ ఆఫీసు, నీళ్ళ ట్యాంకు, ఆఖరికి శ్మశానం గేటు కూడా ఆ రంగే. అంతకుముందు అవన్నీ చిలకపచ్చగా ఉండేవి, ఎందుకంటే అప్పుడు చిలకపచ్చ జెండా వాళ్ళ ప్రభుత్వం. మా ఊళ్ళో ఏ గోడ గీకినా ఒక ప్రభుత్వం కింద ఇంకో ప్రభుత్వం కనపడుతుంది. కాత్యాయనిగారికి ఇవేమీ తెలియవు. పేపరు చదవదని చెప్పాను కదా.

మొదటి పరీక్ష పూర్ణ రక్తంతో. గది చీకటి చేశారు. దీపం వేశారు. గాజుపలక మీది చుక్క మెల్లగా వెలగడం మొదలెట్టి, చక్కటి, నిగనిగలాడే, లేత వంగపండు రంగులో స్థిరపడింది.

మంత్రిగారు కుర్చీలోంచి లేచిపోయారు. "చూశారా! చూశారా!" అని పూర్ణని దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి పెట్టారు. "మన పార్టీ ఎక్కడుందని అడుగుతారు కొందరు. ప్రజల రక్తంలో ఉందయ్యా! ఇదిగో, శాస్త్రమే చెబుతోంది!"

చప్పట్లు మోగిపోయాయి. నినాదాలు మొదలయ్యాయి. ఆ హోరు కాస్త తగ్గాక కాత్యాయనిగారు గొంతు సవరించుకుంది. నేను వద్దు వద్దని కళ్ళతోనే మొత్తుకున్నాను. ఆమె చూస్తేనా!

"సార్, అది జబ్బు గుర్తు."

"ఏది?"

"ఆ రంగే సార్."

మంత్రిగారు పూర్ణ తల మీంచి చెయ్యి తీసేశారు. ఎవరో లైట్లు వేశారు. మర్నాడు ప్రతిపక్షం పేపర్లో అరచేతంత అక్షరాలు: 'ఆ పార్టీ ఒక వంశపారంపర్య రోగం. సర్కారీ యంత్రమే తేల్చింది.'

సాయంత్రానికల్లా రాజధాని నుంచి పీతాంబరం గారు దిగారు. హోదా, రంగుల సమన్వయ ప్రత్యేకాధికారి. పేరులోనే పసుపు బట్ట కట్టుకున్న మనిషి రంగుల విషయంలో నిష్పక్షపాతంగా ఎలా ఉంటాడని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. పై అధికారిని అనుమానించవచ్చు గానీ అడగకూడదు. ఆయన రాగానే ముందు నా బల్ల మీది ఆకుపచ్చ సిరా కలం తీసి పక్కన పెట్టారు. గెజిటెడ్ అధికారికి ఆకుపచ్చ సంతకమే అలంకారం. అదీ పోయింది.

"ఏ.ఓ. గారూ" అన్నారాయన కుర్చీలో సర్దుకుని, "వ్యాధి అనేది కేవలం వైద్యపరమైన అంశం కాదు. అదొక పాలనాపరమైన దృశ్యం. సదరు దృశ్యంలో ప్రభుత్వం ఏ రంగులో కనిపిస్తున్నదన్నదే మౌలిక ప్రశ్న."

"చిత్తం సార్. ఆ పిల్ల రిపోర్టు ఇచ్చేయమంటారా? తల్లి బయట కూర్చుంది. మాత్రలు అయిపోవచ్చాయట."

"రంగు తేలకుండా రోగం ఎలా తేలుతుంది? పెండింగులో ఉంచండి."

బయటికొచ్చి చిలకమ్మకి అదే చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, అందరూ సూసినారు గదా, ఎలిగింది గదా! జబ్బుందని డాట్రమ్మే సెప్పింది."

"ఉందమ్మా. కానీ ఏ రంగులో ఉండాలన్నది ఇంకా తేలలేదు."

"మరి పాత గొట్టంలో సూసి ఇచ్చీండి."

నేను హాల్లో అద్దాల బీరువా వంక చూశాను. రిబ్బను గాలికి ఊగుతోంది. "దానికి ఇప్పుడు తాళం వేశారు" అన్నాను. చిలకమ్మ పిల్లని చంకనేసుకుని కొండబస్సు ఎక్కింది.

మొదటి ఉత్తర్వు వారంలోపే వచ్చింది. 'ప్రజారోగ్య దృష్ట్యా రంగులను పరస్పరం మార్పిడి చేయడమైనది. ఇకమీదట ఆరోగ్యం వంగపండు రంగులోను, వ్యాధి చిలకపచ్చ రంగులోను వెలుగవలెను.' రవ్వలు మార్చి, తోకలు మార్చి కాత్యాయనిగారు అదీ చేసింది. ఆమెకి ఏ రంగైనా ఒకటే, పిల్లలకి మాత్రలు అందితే చాలు.

ఈసారి చిలకపచ్చ జెండాల వాళ్ళు ఆసుపత్రి గేటు ముందు పడుకున్నారు. మాజీ మంత్రిగారు స్వయంగా ప్రసూతి వార్డుకి వెళ్ళే దారికి అడ్డంగా పడుకుని, "మా రంగుని రోగం అంటారా? మా కార్యకర్తల రక్తం ఉడుకుతోంది" అని గర్జించారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు ఆయన్ని దాటుకుంటూ లోపలికి పోవాల్సి వచ్చింది. ధర్నా తెగేదాకా రిపోర్టులన్నీ ఆపమని పీతాంబరం గారు చెప్పారు.

అంతలో ఇంకో ముసలం పుట్టింది. జబ్బు లేకుండా అక్షరం తేడా మాత్రం మోసేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ చుక్కలో రెండు రంగులూ కలిసి వెలుగుతాయి. ఆ ఫొటో ఎవరో బయటపెట్టారు. 'రెండు పార్టీల మధ్య పొత్తు. ల్యాబులో బయటపడ్డ రహస్యం' అని టీవీల్లో ఒకటే మోత. రెండు పార్టీల వాళ్ళూ విడివిడిగా విలేకరుల్ని పిలిచి, ప్రాణం పోయినా పొత్తు లేదని ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ తర్వాత నాకొక ఆదేశం వచ్చింది. రెండు రంగుల్లో వెలిగిన వ్యక్తులందరికీ నోటీసులిచ్చి, ఏదో ఒక పక్షం ఎంచుకోమని లిఖితపూర్వకంగా కోరాలట. ఇచ్చాను. ఒక ముసలాయన 'మా తాతల నాటి నుంచీ స్వతంత్రులం' అని జవాబు రాశాడు.

చిలకమ్మ మళ్ళీ వచ్చేసరికి మాత్రలు అయిపోయాయి. పూర్ణ నడవడం లేదు. కాత్యాయనిగారు వార్డులో చేర్చుకుని సెలైన్ పెట్టి, నొప్పి సూది చేసింది. మాత్రలు మాత్రం ఆమె చేతుల్లో లేవు. కౌంటర్ దగ్గర కంప్యూటర్ 'రంగు ఎంచుకోండి' అంటుంది తప్ప తలుపు తియ్యదు. బయట కొందామంటే ఊళ్ళో మందుల కొట్లలో ఆ మాత్ర దొరకదు.

"సార్, ఈ పిల్ల ఎముకలకి మీ పార్టీలు తెలియవు" అని కాత్యాయనిగారు పీతాంబరం గారి మీద అరిచింది. ఆమె అరవడం నేను మొదటిసారి విన్నాను.

"మీ ఆవేదన నమోదు చేసుకున్నాం" అన్నారాయన. "అఖిలపక్ష సమావేశం పిలుస్తున్నాం. తటస్థమైన రంగు తేలుతుంది. లబ్ధిదారుల తరఫున ఆ తల్లిని కూడా కూర్చోబెడదాం. పారదర్శకత ముఖ్యం."

సమావేశం మా ఆసుపత్రి హాల్లోనే. బల్లకి ఆ పక్కన వంగపండు వాళ్ళు, ఈ పక్కన చిలకపచ్చ వాళ్ళు, చివర్న రకరకాల సంఘాల వాళ్ళు, అందరికీ దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో చిలకమ్మ. మొదలవుతూనే పేచీ. వంగపండు ప్రతినిధి లేచాడు. "అధ్యక్షా, లబ్ధిదారు పేరు చిలకమ్మ. చిలక అంటే ఏ రంగో చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఇది కుట్ర."

పీతాంబరం గారు క్షణం ఆలోచించారు. "తాత్కాలికంగా పక్షమ్మ అని రాద్దాం. పక్షి ఏదైనా పక్షే కదా."

"పక్షమ్మా? అంటే ప్రతిపక్షమనేగా!"

చివరికి 'ఒకానొక తల్లి' అని రాసుకుని ముందుకు పోయాం.

రంగుల మీద చర్చ మొదలైంది. పసుపు అన్నారెవరో. "పసుపు ముత్తయిదువుల సౌభాగ్యం. దాన్ని రోగానికి అంటగడతారా!" అని మహిళా సంఘం లేచింది. తెలుపు అశుభం, నలుపు అంతకన్నా అశుభం. కనకాంబరం రంగు అంటే ఒక సినిమా హీరో అభిమానులు బల్ల గుద్దారు, వాళ్ళ బ్యానర్లన్నీ ఆ రంగేనట. ఇటుక రంగు వద్దని బట్టీల యజమానుల సంఘం వినతిపత్రం తెచ్చుకుంది. మామిడిచిగురు రంగు అంటే చిలకపచ్చకి చుట్టమని ఒకరు, నేరేడు రంగు అంటే వంగపండుకి మేనమామ అని ఇంకొకరు కొట్టిపారేశారు. దొండపండు రంగు దగ్గర కాసేపు ఆశ కలిగింది. కానీ పండక ముందు దొండకాయ ఏ రంగులో ఉంటుందో ఎవరికో గుర్తొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కునుకుతున్న సభ్యుల్ని చూసి పీతాంబరం గారు హఠాత్తుగా చిలకమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ప్రజాస్వామ్యంలో మీరే ప్రభువులు. చెప్పండి. మీకు ఏ రంగు కావాలి?"

చిలకమ్మ లేచి నిలబడింది. వార్డులో పిల్లని ఒంటరిగా వదిలి వచ్చిందేమో, చూపంతా గుమ్మం మీదే ఉంది. "నాకు రంగుతో పన్నేదు బాబూ. మా గుంటకి మాత్రలియ్యండి, సాలు."

పీతాంబరం గారి ముఖం వికసించింది. "రాసుకోండి" అన్నారు నాతో. "లబ్ధిదారునకు రంగుతో పనిలేదు. రంగు అవసరం లేదు."

"సార్, ఆమె అన్నది అది కాదండీ. ఏ రంగైనా ఫర్వాలేదంటోంది."

"ఏ.ఓ. గారూ, ప్రజల మాటని మనం వక్రీకరించకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. రంగుతో పనిలేదన్నారు. కాబట్టి ఇకపై రవ్వలు రంగు లేకుండా వెలగాలి."

రెండు పార్టీల వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ నష్టం లేదు. బల్లలు చరిచి ఏకగ్రీవంగా ఆమోదించారు. మా జిల్లాలో ఆ రెండు పార్టీలూ ఏకమైన విషయం అదొక్కటే.

"రంగు లేని వెలుగంటే చీకటి సార్" అంది కాత్యాయనిగారు మర్నాడు.

"డాక్టర్ గారూ, 'చీకటి' అనే మాట వాడే హక్కు విద్యుత్ శాఖకి తప్ప మరే శాఖకీ లేదు. 'నిరాడంబర కాంతి' అని రాయండి."

"రవ్వ వెలగకపోతే జబ్బు ఉన్నట్టా లేనట్టా?"

"జబ్బు చుక్క వెలగలేదంటే జబ్బు లేదనే కదమ్మా!"

"ఆరోగ్యం చుక్క కూడా వెలగదు కదా సార్!"

"ఆరోగ్యం వెలగాల్సిన అవసరం ఏముంది? ఆరోగ్యవంతుడు ఎప్పుడైనా ఆర్భాటం చేస్తాడా?"

అడ్డంగా వాదించినందుకు ఆమెని మూడో రోజునే డెప్యుటేషన్ మీద పంపేశారు. వెలుగు విషయంలో విశేష అనుభవం ఉన్నందున మున్సిపాలిటీ వీధి దీపాల విభాగానికి. వెళ్ళేముందు వార్డులో పూర్ణ మంచం దగ్గర చాలాసేపు కూర్చుంది. నా గది ముందు నుంచే వెళ్ళింది గానీ లోపలికి రాలేదు.

ఒక కంపెనీ వాడు రంగులేని రవ్వలు సరఫరా చేశాడు. అందులో నానో ఉందో లేదో నాకు తెలియదు, ఈసారి ఆడిట్ వాళ్ళు ఇడ్లీ రవ్వా అని కూడా అడగలేదు. జిల్లా అంతా శిబిరాలు పెట్టి రక్తాలు తీశారు. దీపాలు వేసి చూశారు. ఒక్క చుక్క కూడా వెలగలేదు. ఒక్క రోగి కూడా తేలలేదు. దేశంలో ఇంత వేగంగా ఏ జబ్బూ నయమై ఉండదు. పూర్ణకి కూడా 'సంపూర్ణ ఆరోగ్యవంతురాలు' అని బొమ్మలు అచ్చేసిన ధ్రువపత్రం వచ్చింది. ఆరోగ్యవంతులకి మంచం ఇవ్వకూడదు కాబట్టి వార్డు నుంచి పంపించేశారు. జబ్బు లేని జిల్లాలో జబ్బు మందు ఉంటే ప్రజల్లో అపోహలు కలుగుతాయని మాత్రల పెట్టెలన్నీ లారీకెక్కించి రాజధానికి పంపించేశారు. నేను అడ్డం పడి, కొన్నైనా ఉంచండి సార్ అని బతిమాలాను. "ఉంచితే ఏ జబ్బు కింద ఉంచుతారు?" అని అడిగారు పీతాంబరం గారు.

విజయోత్సవ సభ పెరేడ్ మైదానంలో పెట్టారు. షామియానా ఏ రంగుదైనా గొడవేనని అసలు షామియానాయే వేయలేదు. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. వేదిక మీద మంత్రిగారు, ఆయన పక్కనే మాజీ మంత్రిగారు. మొదటి పరీక్ష పూర్ణదే కాబట్టి జ్ఞాపిక కూడా పూర్ణకే ఇవ్వాలని నిర్ణయించారు. కొండమీద నుంచి జీపులో తెప్పించారు. ఎండకీ దాహానికీ పిల్ల తోటకూర కాడలా వాడిపోయింది. మోకాళ్ళు రెండూ పట్టుకుని, పళ్ళు కరుచుకుని తల్లి ఒళ్ళో ముడుచుకుపోయింది. అరిచే ఓపిక కూడా లేదు దానికి.

"లేచి నిలబడమ్మా, ఫొటో తీస్తారు" అన్నారు పీతాంబరం గారు.

"నిలబడనేదు బాబూ" అంది చిలకమ్మ. "కాళ్ళు పీకేస్తన్నాయంట."

"సంతోషం తట్టుకోలేకపోతోంది పాప" అని మైకులో సర్ది చెప్పారాయన. మంత్రిగారే వంగి, చిరునవ్వుతో, కెమెరాల వైపు ముఖం పెట్టి అడిగారు. "ఏ రంగు ఇష్టం పాపా నీకు?"

పీతాంబరం గారు గుండె పట్టుకున్నారు. ఆ ప్రశ్న కార్యక్రమంలో లేదు.

పూర్ణ కళ్ళు తెరిచింది. "మాత్ర రంగు" అంది.

"ఏ మాత్రమ్మా?"

చిలకమ్మ కొంగు ముడి విప్పింది. లోపల పాలిథిన్ కాగితంలో ఒకే ఒక గొట్టం మాత్ర. "ఇదే బాబూ. మందుల కొట్లో సూపించడానికి ఒకటి దాసినాను. పేరు సదవడం రాదు గదా నాకు."

మంత్రిగారు చేతిలోకి తీసుకుని చూశారు. మాజీ మంత్రిగారు తొంగిచూశారు. మాత్ర సగం వంగపండు రంగు, సగం చిలకపచ్చ.

ముందు వరసలోంచి ఎవడో "పొత్తు!" అని కేకేశాడు. కెమెరాలు ఒక్కసారిగా వేదిక మీదికి ఎగబడ్డాయి. మంత్రిగారు నిప్పు ముట్టుకున్నట్టు మాత్రని చిలకమ్మ చేతిలో వదిలేశారు. మాజీ మంత్రిగారు రెండడుగులు దూరం జరిగారు. పీతాంబరం గారు పరుగున వచ్చి చెయ్యి చాపారు. "దాన్ని ఇలా ఇవ్వమ్మా. సీలు వేసి విచారణకి పంపాలి."

చిలకమ్మ ఆ చేతిని చూసింది. ఒళ్ళో పిల్లని చూసింది. "నోరు తెరు" అని పూర్ణ నోట్లో మాత్ర వేసి, బల్ల మీదున్న మంత్రిగారి నీళ్ళ సీసా అందుకుని తాగించేసింది. గుటక పడేదాకా పిల్ల గడ్డం పట్టుకునే ఉంది. నేనైతే అంతమందిలోనూ "శభాష్" అని పైకే అనేశాను. ఆ శభాష్‌కి నాకు తర్వాత మెమో వచ్చింది, అది వేరే సంగతి.

పీతాంబరం గారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని నావైపు తిరిగారు. "రాసుకోండి ఏ.ఓ. గారూ. వివాదాస్పద రంగులు గల వస్తువును లబ్ధిదారు మింగివేసినందున, విచారణ ముగించడమైనది."

రాసుకున్నాను. సభలో మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి. చిలకమ్మ పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగుతూ నా దగ్గర ఆగింది. ఖాళీ పాలిథిన్ కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

"ఈయేళకి అయింది" అంది. "రేపటికేటి సెయ్యమంటారు బాబూ?"